నలభై ఏడో పేజీలో నా చావు

ధారూర్
5 జనవరి 2026, సోమవారం

అల్లుడు పరమేశ్‌కు మేనమామ బీరన్న రాయునది.

నలభై ఐదేండ్ల కింద నీ పుట్టెంట్రుకలు తీసిన నాడు మొదటి కత్తెర పెట్టవలసినది నేను. మేనమామ బతికి ఉండంగ ఇంకొకరు పెట్టరు. ఇది నీకు తెలుసు, మీ నాయనకు తెలుసు, ఆనాటి మంగలికి కూడా తెలుసు. నేను అప్పుడు మందతోని సేడం అవతల ఉన్న. కబురు అందంగనే రెండు రోజులు నడిచిన. తొవ్వలో కొత్త కత్తెర కొన్న. నేను వచ్చేవరకు నీ నెత్తి కంచుగిన్నె లెక్క మెరుస్తున్నది. మీ చిన్నాయన సాయప్ప కత్తెర పెట్టిండట. "ముహుర్తం దాటుతుండె బావా, గంట ఆగలేకపోతిమి" అన్నడు మీ నాయన. మూడేండ్లు ఆగిన ఎంట్రుకలు ఇంకొక గంట ఆగవా? ఆనాడు నేను బువ్వ ముట్టలేదు. మా చెల్లె, అంటే మీ అమ్మ, గడప కాడ నిలబడి బతిమిలాడింది. అయినా ముట్టలేదు. ఈ సంగతి నేను ఎప్పుడూ ఎత్తలేదు. ఏడాదికి ఒకసారి మాత్రం చెప్పిన.

ఇప్పుడు నువ్వు పుస్తకం అచ్చు వేయించుకున్నవు. సొంతంగ వేయించుకున్నవు, అది మంచిదే, ఒకని దయ మనకెందుకు. మార్చి ఒకటి ఆదివారం తాండూరులో విడుదల అన్నవు. హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి పుస్తకాల కట్ట విప్పుతడని రాసినవు. అంటే మళ్ల సాయప్పే వచ్చిండన్నట్టు.

అది పక్కకు పెడుత. బస్సు కండక్టర్‌తోని నువ్వు పంపిన పది పుస్తకాలు అందినవి. పైన 'ఎల్లుండి ముచ్చట్లు' అని ఉన్నది. కింద గొర్రె బొమ్మ, గొర్రె నెత్తి మీద టీవీ యాంటెనా. మా గొర్రెల పెంపకందార్ల సంఘానికి ఫిబ్రవరి 22న ఎన్నిక ఉన్నది. నేను అధ్యక్షునికి నిలబడ్డ. ఐదేండ్ల కుర్చీ. నా మీద నిలబడ్డది అంజిలప్ప. నా అల్లుడు ఎంతటోడో వాడు చూడాలెనని మొదటి పుస్తకం వానికే ఇచ్చిన. ఇంకొక ఎనిమిది మా ఊర్లో పంచిన. ఒకటి ఉంచుకొని, అన్నీ పంచినంక చదువుడు మొదలుపెట్టిన.

నాకు అక్షరాలు యాభై ఏండ్లు దాటినంక వచ్చినవి. వేలు పెట్టి చదువుత, రోజుకు ఒక పేజీ. గొర్రె బొమ్మ ఉన్న కథ కాడ తెరిచిన. ధారూర్‌ల ఒక ముసలి కాపరి. ఎడమ చెవి కొన తెగి ఉన్నది. చేతిల ఇత్తడి పొన్ను కట్టె. నోటికి అడ్డు లేదు. పేరు భీమన్న అని పెట్టినవు. ఎవరిని మోసం చేద్దామని? అయినా బాగుంది అనుకున్న. నలభై ఏడో పేజీకి పోయిన. అక్కడ నేను చచ్చిపోయిన. 2028 కార్తీక మాసం, మంగళవారం పొద్దున.

నేను చావుకు భయపడేటోన్ని కాదు. కాని ఐదేండ్ల కుర్చీకి నిలబడ్డోన్ని మూడేండ్లు నిండకముందే చంపుతవా? ఫోను చెయ్యకు. ఫోనులో హలో హలో అని మాట తప్పిస్తవు. కాయితం మీద చెప్పు.

నీ మేనమామ, ఇప్పటికైతే బతికే ఉన్న,
బీరన్న


తాండూరు
12 జనవరి 2026

పూజ్యుడైన మామకు అల్లుడు పరమేశ్ నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. మా ఆవిడ మల్లీశ్వరి చదివి చాలాసేపు నవ్వింది. తర్వాత నా ముఖం చూసి ఆపేసి, "నవ్వు మామది, తప్పు నీది" అని వంటింట్లోకి వెళ్లింది.

మామా, అవి సైన్సు కథలు. ఇవాళ లేనివి, ఇంకో రెండేళ్లకో పదేళ్లకో రాబోయేవి ఊహించి రాసేవి. ఆ కథలో కాపరి చనిపోతాడు. ఆయన ఈలను ముందే పట్టి దాచుకున్న మర ఒకటి మందను మేపడానికి వస్తుంది. కాపరి పోకపోతే మర రాదు. మర రాకపోతే కథే లేదు. భీమన్న నువ్వు కాదు, నీలాంటివాడు. చెవి, కట్టె, నోరు మాత్రమే నీవి.

బండల పాలిషింగ్ యూనిట్‌లో రాళ్లు కోసే చప్పుడు మధ్య, భోజనం బెల్లుకూ రెండో బెల్లుకూ నడుమ రాసుకున్న కథలివి. పన్నెండు కథలు, ఆరేళ్లు. రాస్తున్నప్పుడు చేతి మీదా కాగితం మీదా తెల్లటి రాతిపొడి పడేది. అచ్చువేసేవాళ్లు ఎవరూ ముందుకు రాకపోతే నేనే వేయించుకున్నాను. మూడు వందల ప్రతులు. ఇంట్లో మంచం కింద అవి, మంచం మీద మేము. అచ్చయి కుట్టు కూడా పడిపోయింది కాబట్టి నలభై ఏడో పుటను ఇప్పుడు మార్చలేను.

కత్తెర సంగతి అంటావా, నువ్వుండగా పెద్దమనిషి ఎందుకు? కట్టకు కట్టిన దారం నువ్వే కొయ్యి. ఆయన ప్రసంగిస్తారు, అంతే. వేదిక మీద నీకు కుర్చీ వేయిస్తాను.

దిగులు పెట్టుకోకు. ఇదంతా కల్పన అని ముందుమాటలో స్పష్టంగా రాశాను. అది చదువు, ఊరివాళ్లకూ చదివి వినిపించు. అంతా సర్దుకుంటుంది. అత్తకు నమస్కారాలు.

నీ మేనల్లుడు
పరమేశ్


ధారూర్
20 జనవరి 2026, మంగళవారం

అల్లుడా,

దారం కోస్త. వేదిక మీద కుర్చీ కూడా ఒప్పుకున్న. ఇక వేరే కుర్చీ సంగతి విను.

ముందుమాట చదువుమన్నవు. నాకంటే ముందు అంజిలప్ప చదివించిండు. పొద్దున పాల కేంద్రం కాడ అందరు పాలు పోసే యాళ్లకు, రిటైరైన మత్తయ్య సారును స్టూలు మీద కూసోబెట్టి గట్టిగ చదివించిండు. 'ఇందులోనివి ఇవాళ్టికి కల్పన, రేపటికి వార్తలు' అని రాసినవు. కింద సంతకం కూడా పెట్టినవు.

మా ఊర్లో రాబోయే కాలం సంగతి చెప్పే పుస్తకం ఒకటే ఉన్నది, పంచాంగం. ఉగాది నాడు అయ్యగారు చదువుతడు, మేము కూసొని వింటము. ఈ ఏడు ఉగాదికి రెండు నెలల ముందే నీ పుస్తకం చదువుతున్నరు. రోజుకొక కథ. ముసలోళ్లు తువ్వాలలు పరుచుకొని కూసుంటున్నరు. అయిపోయినంక మత్తయ్య సారుకు బియ్యం, కందిపప్పు పెడుతున్నరు. ఆయన చర్చికి పోయే మనిషి. "నాకెందుకయ్యా ఇవి, నేను పంతుల్నా?" అంటనే ఉన్నడు, సంచి మాత్రం ఇంటి నుంచే తెచ్చుకుంటున్నడు.

ఎందుకు నమ్ముతున్నరు అంటవా? నీ రెండో కథల కంది చేను మీద డ్రోను ఎగిరి మందు కొడుతదని రాసినవు. మొన్న శుక్రవారం చెరువు అవతల కొట్టింది. ఊరంతా ఉరికి పోయి చూసింది. డ్రోను దిక్కు కాదు. నా దిక్కు.

బీమా ఏజెంటు నిరోషా స్కూటర్ మీద వచ్చింది. నేను పాలసీ తీసుకుంటనని దసరా నుంచి తిరుగుతున్నది. "పెద్దయ్యా, ఏ ఏడని రాసిండ్రు?" అని అడిగింది. 2028 అన్న. ఫారం మడిచి బ్యాగుల పెట్టుకొని, చాయ తాగి, "మంచిగుండు పెద్దయ్యా" అని పోయింది. మీ అత్త రుక్కమ్మ ఒకరోజు ఏడ్చింది. రెండో రోజు మందల నుంచి నల్ల పొట్టేలు పిల్లను తెచ్చి విడిగ కట్టేసింది. "ఎందుకే?" అంటే "అప్పటికి సక్కగ పెరుగుతది" అన్నది. ఎప్పటికి అని నేను అడగలేదు.

అంజిలప్ప ఇంటింటికి తిరుగుతున్నడు. "బీరన్న మంచోడు. కాదన్నోని నోట్ల మన్ను. కని నడుమల్ల పాయెననుకో, మల్ల ఎన్నిక, మల్ల పరేషాన్. జర సోంచాయించుండ్రి" అంటున్నడు. వాడు నన్ను తిడితే నాలుగు ఓట్లు వస్తుండె. వాడు నా మీద జాలి పడుతున్నడు. జాలిని ఏ కట్టెతోని కొట్టాలె?

నీ కథకు చావు అంత అవసరమైతే సాయప్పను చంపు. వానికి ఎట్లాగు తొందర ఎక్కువ. నలభై ఏడో పేజీ మార్చు. కుట్టు పడ్డది అనకు. కుట్టు పడ్డ అంగీకి కూడా అతుకు వేస్తరు.

నీ మేనమామ
బీరన్న


తాండూరు
28 జనవరి 2026

మామకు నమస్కారాలు.

నీ అతుకు మాటే నాకు దారి చూపింది. మూడు వందల చీటీలు అచ్చు వేయించాను. 'సవరణ: 47వ పుటలో 2028 అని ఉన్నచోట 2058 అని చదువుకోగలరు.' ఒక్క అంకె మారింది, వాక్యం చెడలేదు. మల్లీశ్వరి మైదా ఉడికించింది. నేనూ, మా అమ్మాయి అంకితా రెండు రోజులు కూర్చుని అంటించాం. మామా, ఇప్పుడు నువ్వు నూట నాలుగేళ్లు బతుకుతావు. నువ్వు పంచిన పుస్తకాల కోసం చీటీలు ఇందులో పెట్టాను. నువ్వే అంటించు.

నిజం చెప్పాలంటే నాకు కష్టంగానే ఉంది. 2058లో భీమన్న బటన్ల ఫోను ఎందుకు వాడతాడు? వికారాబాద్‌లో పుష్‌పుల్ రైలు కోసం ఎందుకు నిలబడతాడు? ఎవరైనా విమర్శకుడు పట్టుకుంటే నా పరువు పోతుంది. నీ కోసం ఓర్చుకున్నాను.

డ్రోను సంగతి చదివి మాత్రం గుండె జారిపోయింది. నేను రాసినప్పుడు అది ఊహ. అచ్చు దాకా రావడానికి ఆరేళ్లు పట్టేసరికి పాతబడింది. మాట్లాడే చాయ్ బండి అని ఇంకో కథ రాశాను. నిన్న బస్టాండు దగ్గర చాయ్ తాగి ఫోనుతో పైసలు కొడితే, డబ్బా ఒకటి తెలుగులో నాకే లెక్క అప్పజెప్పింది. పన్నెండు కథల్లో ఇప్పటికి రెండు నిజమైపోయాయి. మిగతా పదీ మార్చి ఒకటి దాకా ఆగితే చాలు. మీ ఊళ్లో కొత్తగా ఏదైనా వస్తే నాకు చెప్పకు.

నీ మేనల్లుడు
పరమేశ్


ధారూర్
5 ఫిబ్రవరి 2026, గురువారం

అల్లుడా,

చీటీలు అన్నిటికి అంటించిన. అంజిలప్ప పుస్తకానికి వాని ఇంటికి పోయి, వాని అరుగు మీద కూసొని, వాని గంజితోనే అంటించిన. రెండు రోజులు మంచిగ గడిచింది. మూడో రోజు మత్తయ్య సారు ఆ చీటీ చదివిండు.

అంజిలప్ప లేచి నిలబడ్డడు. "ఇన్నరా? యాభై ఎనిమిది దాక ఉంటడట! ఒక్కపారి కుర్చీ ఎక్కినోడు దిగుతడా? మన పిల్లల పిల్లలు సుత బీరన్నకే దండం పెట్టాలె. నాకు వానితోని పంచాది లేదు. మీకెట్ల కనబడితే గట్ల చేయుండ్రి" అన్నడు. అందరు తలకాయలు ఊపిండ్రు. ఎవరు ఊపిండ్రో ఒక్కొక్కరిని చూసి పెట్టుకున్న.

ఇంటికి వచ్చిన. నా పెద్దకొడుకు వేళ్లు మడిచి లెక్క పెడుతున్నడు. "నాయినా, అప్పటికి నాకే ఎనభై రెండు. మంద ఎప్పుడు అప్పజెప్తవే?" అన్నడు. మీ అత్త నల్ల పొట్టేలును మందలకు విడిచిపెట్టింది. అది మంచి గుర్తు అనుకున్న. పొయ్యి ముందట కూసొని, "ఇంక ముప్పై ఏండ్లు నీకు రొట్టెలు సెయ్యాల్నా?" అన్నది. నిరోషా మళ్ల వచ్చింది. "నూట నాలుగేండ్లకు మా తాన పాలసీ లేదు పెద్దయ్యా" అన్నది. అప్పుడు చచ్చేటోనికి లేదు, ఇప్పుడు బతికేటోనికి లేదు. మరి ఆ పిల్ల ఎవరికి ఇస్తదో నాకు తెలవదు.

2028 అంటే జల్ది పోతడని ఓటు వెయ్యరు. 2058 అంటే ఎన్నటికీ పోడని ఓటు వెయ్యరు. మనిషి సరిగ్గ ఎప్పుడు చావాలెనో మా సంఘానికి తెలుసు, నీకే తెలవలేదు. ఎన్నికకు పదిహేడు రోజులు ఉన్నది. నడుమ చూడు. కుర్చీ 2031 ఫిబ్రవరికి అయిపోతది. మార్చిల చంపు. ఆఫీసు తాళంచెవి ఇచ్చి, శాలువా కప్పించుకొని, వారం రోజులు ఇంట్ల పండుకుంట. ఆ తర్వాత నీ ఇష్టం. మంగళవారం మాత్రం వద్దు.

నీ మేనమామ
బీరన్న


తాండూరు
11 ఫిబ్రవరి 2026

మామా,

ఇక నా వల్ల కాదు. చీటీలన్నీ మళ్లీ పీకుతున్నాం. తడిబట్టతో పీకుతుంటే కొన్ని పుస్తకాల్లో చీటీతో పాటు నీ చావు కూడా ఊడి వస్తోంది. పదిహేడు ప్రతుల్లో నువ్వు చావనూ లేదు, బతకనూ లేదు. అక్కడ చిల్లు ఉంది. అంకిత ఆ చిల్లులోంచి నన్ను చూసి, "నాన్నా, ధారూర్ తాత ఇటు పోయిండు" అంటోంది.

హైదరాబాదు పెద్దమనిషి రాలేనని కబురు పంపారు. తాండూరులో ముందుగా పుస్తకం ఇచ్చిన ఇరవై మందిలో ఒక్కరూ విప్పలేదు. మా ఓనరు చేతిలో పెట్టుకుని అటూ ఇటూ ఊపి, "బరువు మంచిగుందిరా పరమేశ్" అని, ఫ్యాన్ గాలికి ఎగిరే కాగితాల మీద పెట్టుకున్నాడు. నేను కోపం తెచ్చుకోలేదు. రాయి పని చేసేవాడికి బరువే తెలుస్తుంది.

నీకు ఒక మాట చెప్పాలి. ఆరేళ్లు రాసిన నాకు వినేవాళ్లు దొరికింది ప్రపంచంలో ఒక్కచోటే, మీ పాల కేంద్రం దగ్గర. పంచాంగం అనుకుని విన్నా సరే, తువ్వాల పరుచుకుని విన్నారు. నీ ఉత్తరంలో ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. నీకు ఓట్లు పోతుంటే నేను సంతోషపడ్డాను. అది తప్పే, క్షమించు.

కానీ నువ్వు మాత్రం నా కథ చదవలేదు మామా. నీ చావు దగ్గరే ఆగిపోయావు. కథ యాభై మూడో పుట దాకా ఉంది. అసలు సంగతంతా నువ్వు పోయిన తర్వాతే. అది చదవకుండా ఏ సంవత్సరం, ఏ వారం అని బేరం పెట్టకు. ఆరు పుటలు చదివి రాయి. ఆ తర్వాత నువ్వేం చెప్తే అది. మూడు వందల ప్రతుల్లోనూ నా చేత్తో దిద్దుతాను.

నీ మేనల్లుడు
పరమేశ్


ధారూర్
16 ఫిబ్రవరి 2026, సోమవారం

అల్లుడు పరమేశ్‌కు,

రెండు రోజులల్ల ఆరు పేజీలు చదివిన. నా జన్మల ఇంత తొందరగ ఏదీ చదవలేదు. మేతకు కూడా కొడుకునే పంపిన.

నేను పోయినంక మరను తెచ్చి గొర్రెలు మేసే బీట్ల నిలబెట్టిండ్రు. అది నా ఈల ఊదింది. గొర్రెలు తలకాయలు ఎత్తినయి, కాని దాని కాడికి పోలేదు. నేను రోజు వచ్చే తొవ్వ దిక్కు ముఖం పెట్టి మూడు రోజులు నిలబడ్డయి. ముందట పచ్చగడ్డి ఉన్నా ముట్టలేదు. అంతవరకు చదివి పుస్తకం మూసి మంద కాడికి పోయిన. నల్ల పొట్టేలు నా లుంగీ అంచు నమిలింది.

నిన్న ఆదివారం సంఘం కూడింది. నేనే లేచి, పాల కేంద్రం కాడ అంజిలప్ప నా చావు కాడనే ఆపించి చదవనియ్యని ఈ ఆరు పేజీలు చదువుమని మత్తయ్య సారుకు ఇచ్చిన. చదివినంత సేపు ఒక్క బీడీ వెలగలేదు. గొర్రెలు నిలబడ్డ కాడ సారు కూడా ఆగిండు. కండ్లద్దాలు తుడుచుకొని మళ్ల చదివిండు. అయిపోయినంక అంజిలప్ప నేల దిక్కు చూస్తున్నడు. ఎన్నిక ఇక్కడనే గెలిచిన అనుకున్న.

అప్పుడు మల్లిక లేచింది. నలభై గొర్రెల మనిషి, మంద మీద నా పక్క బీట్లనే ఉంటది, ఉన్నది ఉన్నట్టు అంటది. "పెద్దయ్యా, ఒక్క మాట. పుస్తకంల మర రెండు పొడుగు, ఒకటి పొట్టి ఊదింది. నీ ఈల రెండు పొట్టి, ఒకటి పొడుగు కదనే? తప్పు ఈల ఊదితే గొర్లు యాడొస్తయి?" అన్నది.

ఆ పిల్ల చెప్పింది నిజం. నేను కూడా చదువుతున్నప్పుడు అది చూడలేదు. నా గొర్రెలు నిలబడ్డయన్న సంబురంల ఉన్న.

అంజిలప్ప తల ఎత్తిండు. "అయితే సక్కగ ఊదితే మర కాడికే పోతుండె అన్నట్టు. ఇగ బీరన్న ఎందుకు? ఈల ఒక్కటుంటే సాలు" అన్నడు. ఎవరు నవ్వలేదు. నవ్వితే బాగుండు. ముప్పై మంది నా ముఖం చూస్తున్నరు. నాకు మాట రాకపోవుడు మా ఊరు ఎప్పుడు చూడలేదు. "నా అల్లుడు చెప్తడు" అన్న. సరే, అది తేలినంకనే ఆదివారం ఓటు వేస్తమని అందరు లేచి పోయిండ్రు. తువ్వాల దులుపుకొని పోయిండ్రు.

ఇప్పుడు విను. ఏడు మార్చకు. 2028 ఉండనీ. మంగళవారం కూడా ఉండనీ. నేను 2058 దాక బతికి, ఈ గొర్రెలు నా కోసం నిలబడ్డ ఆ మూడు రోజులు పోగొట్టుకోను. కుర్చీకి రెండేండ్ల తొమ్మిది నెలలు చాలు. నాకంటే ముందు నిండ ఐదేండ్లు కూసున్నోళ్లు ఫ్యాన్ పెట్టించిండ్రు, అంతే. చిల్లు పడ్డ పుస్తకాలు నాకు పంపు, వాటిల నా చావు నేనే చేత్తోని రాస్త.

మార్చవలసినది యాభయ్యో పేజీ. మరతోని నా ఈల సక్కగ ఊదించు. రెండు పొట్టి, ఒకటి పొడుగు. నాలుక మడిచి కింది పెదవి మీద పెట్టాలె, పొడుగు ఈల చివరికి జర కిందికి వంగాలె. యాదికి లేకపోతే వచ్చి విను, పొద్దున ఏడు గంటల బస్సు ఉన్నది. మరకు నా గొంతులోని దమ్ము కూడా పెట్టు, నాకేమీ అభ్యంతరం లేదు. ఎంత మంచి మర అయితే అంత మంచిది. దొంగ మరను గెలిచి నేనేం చేసుకోను?

అట్ల ఊదినంక గొర్రెలు ఏం చేస్తయో రాయి. మేనమామ అని రాయకు. ఓట్లు ఉన్నయని రాయకు. నా మనసు ఉంచేటందుకు అసలే రాయకు. నువ్వు చిన్నప్పుడు మూడు ఎండకాలాలు నా మంద ఎంట తిరిగినవు, గొర్రె ఎటువంటిదో నీకు తెలుసు. అచ్చం నా ఈల వినబడితే, నేను లేకుంటే, అవి మర కాడికి వస్తయా, రావా?

శుక్రవారం, 20వ తారీఖు, సాయంత్రం పాలు పోసే యాళ్లకు జవాబు కండక్టర్ చేతుల మా పాల కేంద్రానికి అందాలె. కవరు నేను విప్పను. మత్తయ్య సారు అందరి ముందట విప్పుతడు. నేను వెనక నిలబడి వింట. శుక్రవారం దాటొద్దు.

నీ మేనమామ
బీరన్న